వేసవిలో గడ్డి లేనప్పుడు గొర్రెలకు చెట్ల మేత: శ్రీకాళహస్తి ప్రాంత పెంపకందారులకు

శివరాత్రి తిరునాళ్లు ముగిశాయంటే మన పక్క బీళ్లు ఎండిపోవడం మొదలవుతుంది. వరి కోసిన మళ్లలో మేత కొన్ని వారాలే. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి మార్చి నుంచి జూలై వరకు మందకు కష్టకాలం. ఈ నెలల్లోనే తల్లికి పాలు లేక పిల్లలు చనిపోతాయి. మేపలేక చూడి గొర్రెను కూడా దళారి చెప్పిన రేటుకే అమ్ముకుంటారు. అలా అమ్ముకోకుండా గట్టెక్కించేది గట్టు మీది చెట్లే.

ఏ ఆకు వేయొచ్చు?

సుబాబుల్, అవిశ, గ్లైరిసిడియా, వేప, రావి, మర్రి, రేగు, తుమ్మ. గడ్డి వేరు పైపైనే ఉంటుంది, చెట్టు వేరు లోతుకు పోతుంది. అందుకే ఏప్రిల్‌లోనూ వీటికి పచ్చదనం ఉంటుంది. ఒకే ఆకు రోజూ వేయొద్దు, రెండు మూడు రకాలు కలపండి. గ్లైరిసిడియా వాసనకు గొర్రెలు మొదట మూతి తిప్పుకుంటాయి. కోసి ఒక పూట వాడబెట్టి వేస్తే మెల్లగా అలవాటవుతాయి.

సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు. పెద్ద గొర్రెకు రోజుకు ఒక కిలో పచ్చి ఆకు చాలు. ఎక్కువైతే అందులోని మైమోసిన్ వల్ల చొంగ కారుతుంది, వెంట్రుకలు రాలతాయి. మిగతా కడుపు చెనిక్కాయ కట్టెతోనో ఎండు చొప్పతోనో నింపండి.

సర్కారు తుమ్మ ఆకు గొర్రెలు సరిగా తినవు, కాయలు ఇష్టంగా తింటాయి. బూజు లేని కాయలను ఎండబెట్టి, దంచి, దాణాలో కొద్దిగా కలపండి. దంచకుండా వేస్తే గింజలు పెంటికల్లో బయటపడి మీ పొలంలోనే కంప మొలుస్తుంది.

దోటితో కోసేటప్పుడు చెట్టును మోడు చేయొద్దు. కొన్ని కొమ్మలు వదిలితేనే మళ్లీ చిగురిస్తుంది.

ఆకలితో ఉన్న మందకు ఇవి ప్రమాదం

ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. కడుపు కాలే గొర్రె మామూలుగా ముట్టనిదాన్ని కూడా తింటుంది. వాడిపోయిన లేత జొన్న, కోశాక వచ్చిన జొన్న పిలకలు తింటే నాము తగులుతుంది. ఊపిరాడక, కొట్టుకుని, నిమిషాల్లోనే పడిపోవచ్చు. పూత రాని జొన్న చేలోకి మందను పోనివ్వొద్దు. పులికంప తిన్న గొర్రె మేత మానేస్తుంది, కళ్లు పచ్చబడతాయి, ఎండకు చెవులు, మూతి పుండ్లు పడతాయి. గన్నేరు కొద్దిగా తిన్నా ప్రాణం పోతుంది.

ఏది తిన్నా నాటు మందు పోస్తూ కూర్చోకండి. వెంటనే 1962కు ఫోన్ చేయండి, లేదా దగ్గరి పశువైద్యశాలకు వెళ్లండి. నాముకు ఇంజెక్షన్ ఉంది, కానీ టైముకు పడాలి.

వచ్చే ఏడాదికి ఇప్పుడే

పొలం గట్ల మీద సుబాబుల్, గ్లైరిసిడియా, ఖాళీ చెక్కలో దశరథ గడ్డి వేసుకోండి. దశరథ గడ్డి పేరుకే గడ్డి, నిజానికి పొదలాగా పెరుగుతుంది, ఒకసారి వేస్తే కొన్నేళ్లు ఉంటుంది. సుబాబుల్, దశరథ గడ్డి విత్తనాల పై పొర గట్టిది. మరిగించి దించిన నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, తర్వాత చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి వేస్తేనే బాగా మొలుస్తాయి. మొదటి ఏడాది మొక్కల్లోకి మందను తోలొద్దు.

రాయితీ పశుగ్రాస విత్తనాల కోసం మీ రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడిని అడగండి. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం వెంట తీసుకెళ్లండి. సొంత భూమి లేనివాళ్లు కూడా అడగాలి, గట్టు మీద నాటుకోవడానికి పక్క రైతు ఒప్పుకుంటే చాలు కదా.

నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో 50 శాతం రాయితీ అని చాలామంది విని ఉంటారు. అది కనీసం 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్‌కు. ముప్పై నలభై జీవాలు ఉన్నవాళ్లు దాని కోసం తిరిగి డబ్బు ఖర్చు పెట్టుకోవద్దు. బీమా మాత్రం చిన్న మందకూ పనికొస్తుంది. ప్రీమియంలో మీ వాటా 15 శాతమే, మిగతాది ప్రభుత్వానిది. బీమా ఉన్న గొర్రె చనిపోతే చెవి ట్యాగు తీయొద్దు, పూడ్చొద్దు. ముందు పశువైద్యుడికి చెప్పండి.