నిప్పుకూ మంచుకూ నడుమ ఐస్‌లాండ్

ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రంలో, ఆర్కిటిక్ వలయానికి కాస్త దక్షిణంగా ఒంటరిగా నిలిచిన ద్వీపదేశం ఐస్‌లాండ్. విస్తీర్ణం 1,03,000 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు నాలుగు లక్షలు. నేలలో దాదాపు పదో వంతును హిమానీనదాలు కప్పివేశాయి. ఆ మంచుకు అడుగున అగ్నిపర్వతాలు రగులుతూనే ఉన్నాయి. జలపాతాలనూ ఆకాశంలో ఆడే ఉత్తర ధ్రువకాంతులనూ చూడాలని ఏటా లక్షలాది యాత్రికులు అక్కడికి వెళ్తారు. అయితే ఆ దృశ్యాల వెనుక, ఆలోచనాపరుడైన యాత్రికుడు గమనించవలసిన గాథ మరొకటి ఉంది. తమకు దక్కిన నేలను, నీటిని, చేపను ఒక జాతి ఎక్కడ పోగొట్టుకున్నదో, ఎక్కడ కాపాడుకున్నదో చెప్పే గాథ అది.

ఆవిరి పేరిట వెలసిన నగరం

రాజధాని రేక్యవిక్ పేరుకు ‘పొగల అఖాతం’ అని అర్థం. తొలి వలసదారులు దూరం నుంచి చూసిన ఆ పొగ నిజానికి వేడినీటి బుగ్గల ఆవిరి. నగరంలో నేడు దుకాణాలతో కళకళలాడే ప్రధాన వీధి పేరు లౌగవేగుర్, అంటే బుగ్గలకు పోయే దారి. ఒకప్పుడు ఇక్కడి స్త్రీలు మురికిబట్టల మూటలు వీపున మోసుకొని, సుమారు మూడు కిలోమీటర్ల దూరంలోని వేడి బుగ్గలకు ఈ దారినే నడిచి వెళ్లేవారు. చలికాలంలో, మంచుగాలిలో, తడిబట్టల బరువుతో తిరిగి వచ్చేవారు.

1930లో ఆ బుగ్గల చెంతనుంచే గొట్టాలు వేసి, ఒక పాఠశాలకూ కొన్ని పదుల ఇళ్లకూ వేడినీటిని పంపారు. నేడు దేశంలోని ప్రతి పది ఇళ్లలో తొమ్మిదింటిని వెచ్చగా ఉంచుతున్నది భూగర్భజలమే. ఒకనాడు రాజధానిని కమ్మిన బొగ్గుపొగ మాయమైంది. స్నానాల గదిలో కుళాయి తిప్పగానే గంధకపు వాసన రావచ్చు. అది నేల లోపలి వేడి తెచ్చిన వాసన.

ప్రతి ఊరిలోనూ వేడినీటి ఈతకొలను ఉంటుంది. మన ఊళ్లలో రచ్చబండ ఎలాంటిదో వారికి ఆ కొలను అలాంటిది. అయితే మన కుటుంబాలు ముందుగా తెలుసుకోవలసిన విషయమొకటి ఉంది. కొలనులో దిగేముందు వస్త్రాలు విడిచి సబ్బుతో స్నానం చేయాలన్నది అక్కడి కచ్చితమైన నియమం. స్త్రీ పురుషులకు వేర్వేరు ఏర్పాట్లున్నా, లోపల సామూహిక స్నానమే సాధారణం. చాటు గదులున్న కొలనులూ కొన్ని ఉన్నాయి. హయా, పరదాలను పాటించేవారు వాటి సంగతి ముందే విచారించుకోవడం మేలు.

జలపాతం కోసం నడిచిన స్త్రీ

రాజధానికి తూర్పున గుల్‌ఫోస్ జలపాతం ఉంది. హ్విటా నది రెండు మెట్లుగా 32 మీటర్ల లోతుకు దూకే చోటు అది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో దానిపై విద్యుత్ కేంద్రం కట్టాలని పెట్టుబడిదారులు తలపెట్టారు. జలపాతానికి దగ్గరలోని బ్రత్‌హోల్ట్ రైతు ఇంటి ఆడపడుచు సిగ్రిదుర్ తోమస్‌దోత్తిర్ దాన్ని ఎదిరించింది. వంద కిలోమీటర్లకు పైగా ఉన్న రాజధానికి అనేకమార్లు కాలినడకన వెళ్లి అధికారులకు మొర పెట్టుకున్నది. న్యాయస్థానంలో ఆమె గెలవలేదు. కానీ కౌలుసొమ్ము చెల్లించక పెట్టుబడిదారుల ఒప్పందం రద్దయింది, జలపాతం మిగిలింది. 1979లో దానికి చట్టబద్ధమైన రక్షణ లభించింది. ఆమె తరఫున నిలిచిన న్యాయవాది స్వెయిన్ బ్యోర్న్‌సన్ 1944లో ఆ దేశ ప్రథమాధ్యక్షుడయ్యాడు. నేడు జలపాతం చెంత ఆమె ముఖచిత్రం చెక్కిన శిల నిలిచి ఉంది.

పోగొట్టుకున్న సంపద

కాపాడుకున్న దానికి గుల్‌ఫోస్ సాక్షి అయితే, పోగొట్టుకున్న దానికి ఆ దేశపు బోడికొండలే సాక్షి. తొమ్మిదో శతాబ్దిలో మనుషులు అడుగుపెట్టినప్పుడు నేలలో నాలుగో వంతుకు తక్కువకాకుండా బిర్చి చెట్ల అడవి ఉండేదని పరిశోధకుల అంచనా. బొగ్గు కోసం, పచ్చిక కోసం నరికిన చెట్లు గొర్రెల మేత వల్ల మళ్లీ మొలకెత్తలేదు. గాలి మట్టిని ఎత్తుకుపోయింది. 1907లోనే నేల పరిరక్షణకు ప్రభుత్వం ఒక శాఖను నెలకొల్పి, నాటి నుంచి నేటిదాకా మొక్కలు నాటుతున్నా, అడవి ఇంకా రెండు శాతం దగ్గరే ఉంది. నరకడానికి చాలిన కాలం, తిరిగి పెంచడానికి చాలడం లేదు.

ఉత్తర తీరాన సిగ్లుఫ్యోర్దుర్ అనే చిన్న పట్టణానిదీ ఇదే పాఠం. హెర్రింగ్ చేప పుణ్యమా అని మూడు వేలకు పైగా జనంతో, వేసవిలో పనికోసం వచ్చే యువతులతో ఆ రేవు కిటకిటలాడేది. అతిగా పట్టినందువల్ల, సముద్రం చల్లబడినందువల్ల 1960ల చివర ఆ చేప కనుమరుగైంది. నాటి ఉప్పుచేపల కొట్టాలు నేడు మ్యూజియంగా మారాయి. ఆ అనుభవం తరువాత దేశం మేల్కొంది. ఏ చేపను ఏటా ఎంత పట్టవచ్చో ప్రభుత్వమే నిర్ణయించే పద్ధతి అమలులోకి వచ్చింది.

వారి వంటిల్లు, మన పళ్లెం

అక్కడి ఆహారంలో చేపదే అగ్రస్థానం గనుక ముస్లిం యాత్రికునికి అన్నపానాల చింత అంతగా ఉండదు. కాడ్, హాడాక్ చేపలను ఉడికించి, బంగాళదుంప, ఉల్లి, పాలతో మెదిపి చేసే ‘ప్లొక్‌ఫిస్కుర్’ ఇంటింటి వంట. ఎండుచేప ముక్కకు వెన్న రాసుకొని తినడం పిల్లలకూ పెద్దలకూ ఇష్టం. వేడినేలలో గుంత తవ్వి, పిండి నింపిన పాత్రను పాతిపెట్టి, మరునాడు వెలికితీసే రై రొట్టె తియ్యగా, మెత్తగా ఉంటుంది. పొయ్యి లేదు, కట్టె లేదు, నేలే పొయ్యి. అదే వేడితో గాజు ఇళ్లలో టమాటా, దోసకాయ పండుతాయి.

అయినా కొన్ని జాగ్రత్తలు అవసరం. వీధి మలుపుల్లో అమ్మే సాసేజి రొట్టెలో గొర్రె, ఆవు మాంసాలతో పంది మాంసం కూడా కలుస్తుంది. కొన్ని భోజనశాలల్లో చేపల సూపులో వైన్ పోస్తారు, అడిగి తెలుసుకోవాలి. గడ్డపెరుగును పోలిన ‘స్కీర్’ బలవర్ధకమైనదే కానీ, సంప్రదాయ పద్ధతిలో దాని తయారీకి దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్ వాడతారు. డబ్బాపై రాసింది చదివి తీసుకోవాలి. వేసవి అంతా కొండల్లో స్వేచ్ఛగా మేసే గొర్రెల మాంసం ఎంత ప్రసిద్ధమైనా, అది జబహ్ చేసిందని అనుకోరాదు. హలాల్ మాంసం కావలసినవారు రాజధానిలోని ముస్లింలను విచారించాలి.

వేళల పరీక్ష

జూన్‌లో రేక్యవిక్‌లో సూర్యుడు అర్ధరాత్రి వేళకు అస్తమించి, మూడు గంటలకల్లా మళ్లీ ఉదయిస్తాడు. నిజమైన చీకటి పడదు. డిసెంబరులో పగలు నాలుగు గంటలే. రమజాన్ మాసం జూన్‌లో వచ్చిన 2015, 2016 సంవత్సరాల్లో స్థానిక వేళలనే అనుసరించినవారు ఇంచుమించు 21, 22 గంటలు ఉపవాసమున్నారు. అసాధారణ వేళలున్న ప్రాంతాల్లో మక్కా వేళలనో, సమీప దేశపు వేళలనో పాటించవచ్చునన్న పండితుల అభిప్రాయాన్ని మరికొందరు అనుసరించారు. వేసవి ప్రయాణీకులు నమాజు వేళల పట్టికను అక్కడి మస్జిదు నుంచి ముందే తెప్పించుకోవడం ఉత్తమం.

ద్వీపం పక్కన మరో ద్వీపం

దక్షిణ తీరం నుంచి పడవపై ముప్పావు గంటలోపు ప్రయాణం చేస్తే హెయ్మే దీవి వస్తుంది. 1973 జనవరి 23 వేకువజామున ఊరి అంచున నేల చీలి నిప్పులు చిమ్మింది. ముందురోజు తుఫాను వల్ల చేపల పడవలన్నీ రేవులోనే ఉండిపోయాయి. వాటిపైనే సుమారు 5,300 మందిలో దాదాపు అందరూ కొద్ది గంటల్లో సురక్షితంగా తీరం దాటారు. ముందురోజు ఆపద అనుకున్న తుఫానే ఆ రాత్రి వారికి కారుణ్యమైంది.

లావా రేవు ముఖద్వారాన్ని మూసివేయబోతుండగా, సముద్రపు నీటిని నెలల తరబడి పంపులతో చిమ్మి దాన్ని గడ్డకట్టించారు. వందలాది ఇళ్లు బూడిద కింద, లావా కింద పోయినా రేవు దక్కింది. జనంలో అధికభాగం తిరిగివచ్చి, చల్లారని లావా వేడితోనే కొన్నేళ్లపాటు ఇళ్లు కాచుకున్నారు.

ఈ దీవి కొండచరియల్లో పఫిన్ పక్షులు గూళ్లు కడతాయి. ఒకప్పుడు వాటి మాంసమే ద్వీపవాసుల ఆహారం. ఇటీవలి దశాబ్దాల్లో సముద్రంలో మేత తగ్గి పక్షుల సంఖ్య క్షీణించడంతో వేటను కుదించారు. ఏటా ఆగస్టు, సెప్టెంబరు రాత్రుల్లో తొలిసారి ఎగిరే పఫిన్ పిల్లలు ఊరి దీపాలను చూసి దారి తప్పి వీధుల్లో పడతాయి. అప్పుడు ఊరి పిల్లలు అట్టపెట్టెలు పట్టుకొని తల్లిదండ్రులతో కలిసి రాత్రివేళ వీధి వీధీ వెదుకుతారు. దొరికిన కూనలను పెట్టెల్లో భద్రంగా ఉంచి, మరునాడు సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయి గాలిలోకి వదులుతారు.

అడవిని పోగొట్టుకున్న జాతికి చెందిన పిల్లలే వారు. ఆ కూన తమది కాదని, తమ చేతిలో ఒక్కరాత్రి ఉంచిన అమానత్ మాత్రమేనని వారికి ఎవరూ ఉపన్యసించనక్కరలేదు. ఏటా పెట్టె పట్టుకొని బయలుదేరుతూ వారే నేర్చుకుంటున్నారు.