బొగ్గుగని నుంచి లిస్బన్ దాకా

"ఆడేది ఆటగాళ్ళు, గెలిచేదీ ఆటగాళ్ళే. మధ్యన ఈ కోచ్‌కి పేరెందుకండీ?" అని మన మిత్రులు చాలామంది అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు స్కాట్లండు దేశస్థుడు జాక్ స్టీన్ జీవితం.

స్టీన్ 1922లో లానార్క్‌షైర్ బొగ్గుగనుల ప్రాంతంలో పుట్టాడు. చిన్న వయసులోనే గనిలోకి దిగాడు. 1942లో ఆల్బియన్ రోవర్స్ జట్టులో చేరినా గని పని మానలేదు. తరువాత వేల్స్‌లో ఒక చిన్న జట్టుకు ఆడుతూండగా, 1951లో గ్లాస్గో నగరంలోని సెల్టిక్ క్లబ్బు పిలిచింది. పిలిచింది కూడా రిజర్వు జట్టు కోసమే! అసలు ఆటగాళ్ళకు దెబ్బలు తగలడంతో చోటు దొరికింది. ఆ వెనుక కెప్టెన్ అయ్యాడు. 1954లో సెల్టిక్ లీగూ, స్కాటిష్ కప్పూ రెండూ గెలిచింది. చీలమండ దెబ్బతో 1957లో ఆట మానుకోవలసి వచ్చింది.

నిజం చెప్పాలంటే ఆటగాడుగా ఆయన అసాధారణుడేమీ కాదు. గొప్పతనమంతా శిక్షణలోనే బయటపడింది. 1960లో డన్‌ఫర్మ్‌లిన్ మేనేజరయి, మరుసటి యేడే కప్పు ఫైనల్లో తన పాత సెల్టిక్‌నే ఓడించాడు. 1965లో అదే సెల్టిక్ ఆయన్ను మేనేజరుగా తెచ్చుకుంది. అది కాథలిక్కుల క్లబ్బుగా పేరుపడ్డది, స్టీన్ ప్రొటెస్టెంటు. అంతకు ముందు ఆ శాఖవారెవరూ అక్కడ మేనేజరు కాలేదు. మతాన్ని బట్టి జట్టును అభిమానించే గ్లాస్గోలో ఇది చిన్న సంగతి కాదు.

ఇక అసలు ఘట్టం 1967 మే 25, లిస్బన్‌లో యూరోపియన్ కప్పు ఫైనల్. ఎదుట ఇటలీకి చెందిన ఇంటర్ మిలాన్. దాని కోచ్ హెరేరా. వారి పద్ధతి పేరు 'కాటెనాచియో', అంటే తలుపు గడియ. ఎదుటి ఫార్వర్డు ఒక్కొక్కడికి ఒక్కొక్క కాపలాదారు, అందరి వెనుకా మరొకడు. ముందు ఒక గోల్ కొట్టడం, తరువాత గడియ బిగించడం! 7వ నిమిషంలోనే మజోలా పెనాల్టీతో ఇంటర్ గోల్ చేసింది.

స్టీన్ 1963లోనే మిలాన్ వెళ్ళి హెరేరా శిక్షణ చూసి వచ్చినవాడు. గడియ ఎక్కడ వదులో ఆయనకు తెలుసు. ఫార్వర్డులను కాపలా కాస్తారు సరే, వెనుకనుంచి పరుగెత్తుకొచ్చే బ్యాక్‌లను ఎవరు కాస్తారు? సెల్టిక్ ఫార్వర్డులు పక్కలకు జరిగి కాపలాదారులను లాక్కుపోయారు. ఖాళీ అయిన చోటికి బ్యాక్‌లు వచ్చారు. 63వ నిమిషంలో కుడి బ్యాక్ క్రెయిగ్ బంతి అందిస్తే, ఎడమ బ్యాక్ జెమెల్ గోల్ కొట్టాడు! 84వ నిమిషంలో చామర్స్ రెండోది. బ్రిటిష్ క్లబ్బు ఆ కప్పు గెలవడం అదే మొదలు. ఆడిన పదకొండుమందీ సెల్టిక్ మైదానానికి సుమారు 30 మైళ్ళలోపు పుట్టినవాళ్ళే. వారిలో చాలామంది స్టీన్ రాకముందే ఆ క్లబ్బులో ఉన్నారు. మనుషులు వాళ్ళే, ఫలితం మారింది!

1966 నుంచి 1974 వరకు సెల్టిక్ వరుసగా 9 లీగులు గెలిచింది. 1978లో స్టీన్ స్కాట్లండు జాతీయ జట్టు బాధ్యత తీసుకున్నాడు. 1985 సెప్టెంబరు 10న కార్డిఫ్‌లో వేల్స్‌తో ప్రపంచకప్పు అర్హత పోటీ 1-1గా ముగిసే సమయంలో, మైదానం అంచునే కుప్పకూలి, ఆ స్టేడియంలోనే కన్నుమూశాడు. వయసు 62. స్కాట్లండు ఆ తరువాత మెక్సికో వెళ్ళింది.

కనుక మిత్రులారా, కోచ్ గోల్ కొట్టడు, నిజమే. ఎవడు ఎక్కడినుంచి కొట్టగలడో ముందుగా చూసేవాడు ఆయనే. మన జట్టు ఓడినప్పుడల్లా మంచి ఆటగాళ్ళు లేరని వాపోతాం గదా! ఉన్నవాళ్ళను సరిగ్గా చూశామా అని కూడా ఒకసారి అడుగుదాం.