పదహారు పేజీల్లో ఏ పాటలు వేద్దాం?

ఈ ఏడు మేం కొందరు విద్యార్థులం కలిసి ఒక సంగీత పత్రిక తేవాలనుకుంటున్నాం. కాగితాన్ని మధ్యకు మడిస్తే 4 పేజీలొస్తాయి గనుక, పిన్ను కొట్టే పత్రికలో పేజీలు నాలుగేసి చొప్పునే పెరగాలి. మాది నాలుగు కాగితాలు, 16 పేజీలు.

మరి వాటిని దేంతో నింపాలి? "సినిమా పాటలు వేస్తే పోలా!" అన్నారు మిత్రులు. అలా కుదరదు. మన కాపీరైటు చట్టం ప్రకారం కవి పోయాక 60 ఏళ్ళదాకా రచన మీద హక్కుంటుంది. 1980లో గతించిన కృష్ణశాస్త్రిగారి పాట వేయాలన్నా 2040 ఆఖరుదాకా అనుమతి కావాల్సిందే. 1847లో సిద్ధి పొందిన త్యాగయ్యగారి కృతులకు ఆ చిక్కు లేదు. కాని అవి ఇప్పటికే ఎన్నో పుస్తకాల్లో ఉన్నాయి.

పుస్తకాలకెక్కని పాటలు మా ఇళ్ళల్లోనే ఉన్నాయి. మా ఊళ్ళోకి నాటు యంత్రం వచ్చాక మా నాయనమ్మ పాడే వరినాట్ల పాట చేలో వినబడటంలేదు. అందుకే సగం పేజీలు పనిపాటలకే.

సేకరించే పద్ధతి ఇదీ: ముందు పాడేవారిని అడిగి, ఫోనులో రికార్డు చేయాలి. పాడింది పాడినట్టే రాయాలి, యాసను దిద్దకూడదు. ఒప్పుకుంటే వారి పేరు, ఊరు వేయాలి. ఏ పనిలో పాడతారో, ఏ తేదీన విన్నామో కూడా రాయాలి.

సెలవులకు ఇళ్ళకెళ్ళే మిత్రులారా, తలా ఒక పాట పట్టుకురండి. పాడేవాళ్ళు పోయాక ఎన్ని పేజీలుంటే ఏం లాభం?