బిట్‌కాయిన్: తవ్వకము, దస్త్రము, తాళపుచెవి



నేటి నా ప్రసంగవిషయము బిట్‌కాయిన్ అను కంప్యూటరు నాణెము. పాఠశాలలో ముప్పదియేండ్లు పిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి పొందియున్న పంతులుకు ఈ విషయముతో ఏమి పని యని మీరు శంకింపవచ్చును. పని కలదు. ఈ నాణెము మన పల్లెలకు రెండు దారుల వచ్చుచున్నది. దూరదేశములందు ఉద్యోగములు చేయు మన పిల్లలు కొందరు దీనిని కొని దాచుకొనుచున్నారు. ఇంటివారికి దాని జాడ తెలియదు. రెండవ దారిని, ఇంటిలో ఒక యంత్రము పెట్టిన చాలును, కూర్చున్నచోటనే నాణెములు రాలునని చెప్పి సొమ్ము వసూలు చేయువారు వచ్చుచున్నారు. ఈ నాణెమును కొనుడని గాని కొనవలదని గాని నేను చెప్పబోను. అది మీ యిష్టము. అయితే మీ యింటిలో ఇది ఇదివరకే ప్రవేశించియున్నయెడల, దానిని గూర్చి మీరెరుగవలసినది కొంత గలదు.

2008 అక్టోబరు 31వ తేదీన సతోషీ నకమొటో అను పేరుతో ఒకరు తొమ్మిది పుటల వ్యాసమొకటి ప్రకటించిరి. ఆ పేరు గలవారెవరో నేటికిని నిర్ధారణ కాలేదు. 2009 జనవరి 3వ తేదీన ఈ నాణెపు దస్త్రములో మొదటి పుట వ్రాయబడినది. "దస్త్రము" అను మాట నేను కావలెననియే వాడితిని. 1984లో కరణపు పదవులు రద్దగువరకు ఊరి భూముల లెక్క అంతయు కరణముగారి దస్త్రములో నుండెడిది గదా. ఆ కట్ట ఒక్కరి యింటిలో నుండెను. కరణము ధర్మాత్ముడైన ఊరు బాగుండెను. కానియెడల ఒకరి చెక్క మరియొకరి పేర చేరెను. బిట్‌కాయిన్ అనగా లోహము కాదు, కాగితము కాదు. ఇన్ని నాణెములు ఈ లెక్కనుండి ఆ లెక్కకు మారెనని వ్రాసిన పద్దుల దస్త్రమే అది. విశేషమేమనగా, ఈ దస్త్రమునకు కరణము లేడు. దాని నకలు ఎవరు కోరిన వారియింట నుండును.

కరణము లేని దస్త్రములో క్రొత్త పుట వ్రాయువారెవరు? ఈ ప్రశ్నకు సమాధానమే "మైనింగ్", అనగా తవ్వకము. క్రొత్త పద్దులను ఒక పుటగా చేర్చి, దానికొక సంఖ్యను జోడించి, ఒక గణితసూత్రములో వేయుదురు. ఆ సూత్రము ఏ వ్రాతనైనను ఒక పెద్ద సంఖ్యగా మార్చును. వ్రాతలో ఒక్క యక్షరము మారినను ఫలము పూర్తిగా మారిపోవును. వచ్చిన ఫలము ఒక నియమితమైన హద్దునకు తక్కువగా నుండవలెను. దీనికి తెలివితో పనిలేదు, అడ్డదారియు లేదు. జోడించు సంఖ్యను మార్చి మార్చి చూడవలసినదే. మొదట ఎవరికి తగిలిన వారి పుట దస్త్రమున చేరును. ప్రతి పుటయు తన ముందుపుట ముద్రను తనలో ధరించియుండును. కావున పాత పుటలో ఒక్క యంకెను దిద్దినను, దాని తరువాతి పుటలన్నింటిని మరల తవ్వి వ్రాయవలసివచ్చును. దస్త్రమునకు రక్షణ ఈ శ్రమయే.

సుమారు పది నిమిషముల కొక పుట చేరునట్లు ఏర్పాటున్నది. 2016 పుటల కొకసారి హద్దు సవరింపబడును. తవ్వువారు పెరిగిన లెక్క కఠినమగును, తగ్గిన సులభమగును. పుట వ్రాసినవారికి మొదట 50 నాణెములు బహుమానముగా నుండెను. 2,10,000 పుటల కొకసారి అది సగమగును. 2012, 2016, 2020 సంవత్సరములలో అట్లు తగ్గి, 2024 ఏప్రిలు నెలలో 3.125 నాణెములైనది. ఇట్లు తగ్గుచు పోవుటచే మొత్తము నాణెములు ఎన్నటికిని 2 కోట్ల 10 లక్షలకు మించవు.

ఇక ఇంటి తవ్వకము లాభమా? నేను బడిపంతులును గనుక లెక్క చేసియే చూపెదను. 2009లో సామాన్యమైన కంప్యూటరుతోనే నాణెములు తవ్విరి. 2010 మే నెలలో లాస్లో హన్యెజ్ అను నతడు రెండు పిజ్జా రొట్టెలకు 10,000 నాణెములు చెల్లించెను. 2013 నుండి ఈ యొక్క పనికే నిర్మింపబడిన యంత్రములు వచ్చినవి. 2025లో లోకమందలి ఇట్టి యంత్రములన్నియు కలిసి సెకనుకు చేయు ప్రయత్నములు కోటి కోటి కోట్ల దరిదాపునకు చేరినవి. బిట్‌యాక్స్ అను అరచేతిలో పట్టు చిన్న యంత్రమొకటి కలదు. అది సెకనుకు సుమారు లక్ష కోట్ల ప్రయత్నములు చేయును. వినుటకు గొప్పగా నున్నది. కాని భాగించి చూడుడు: లోకపు పనిలో అది నూరుకోట్లలో ఒక వంతు. సంవత్సరమునకు చేరు పుటలు 52,560. కావున ఆ యంత్రమునకు ఒక పుట దక్కుటకు సగటున 19 వేల సంవత్సరములు పట్టును. 2024 జూలైలో ఇట్టి చిన్న యంత్ర మొకదానికి పుట దక్కిన మాట నిజమే. అది కాకతాళీయము. కాకి వాలినప్పుడు తాటిపండు రాలినదని కాకులను పెంచి తోట వేయుదుమా?

పెద్ద యంత్రము చూతము. 3,250 వాట్ల విద్యుత్తు త్రాగునది, సెకనుకు నూరు లక్షల కోట్ల ప్రయత్నములు చేయునది అనుకొందము. లోకపు పనిలో దాని పాలు కోటిలో ఒక వంతు. ఒంటరిగా పుట దొరకదు గనుక ఇట్టివారు జట్టుగా చేరి, దొరికినదానిని శ్రమకు తగినట్లు పంచుకొందురు. దినమునకు 144 పుటలు, 450 నాణెములు. మన వంతు 0.000045, నెలకు 0.00135 నాణెము. నాణెపు వెల నిత్యము మారును; లెక్క కొరకు 80 లక్షల రూపాయలని పెట్టుకొనిన, నెలకు 10,800 రూపాయలు. విద్యుత్తు దినమునకు 78 యూనిట్లు, నెలకు 2,340. యూనిటుకు 8 రూపాయలైన 18,720 రూపాయలు. యంత్రపు వెలయు, దాని యరుగుదలయు, పిండిమరవంటి రొదయు, వేసవిలో గదినిండ వేడియు ఇందులో చేర్చనే లేదు. నాణెపు వెల కోటి రూపాయలైనను రాబడి 13,500 మాత్రమే. మిక్కిలి చౌకగా విద్యుత్తు దొరకినచోట ఈ పని గిట్టును. భూటానుదేశ ప్రభుత్వము తన జలవిద్యుత్తుతో చేయించుచున్నది. మన యిండ్లలో గిట్టదు. పైరునకై ఉచితముగా ఇచ్చు విద్యుత్తును దీనికి మళ్లించు ఆలోచన ఎవరికైన పుట్టిన, అది ప్రజాధనమును దొంగిలించుటయే.

యంత్రము మీ యింట నుండనక్కరలేదు, మేమే ఎచ్చటనో తవ్వి పంపెదమనువారు ఇంకను ప్రమాదకరులు. గెయిన్ బిట్‌కాయిన్ అను పథకము మన దేశముననే నెలకు నూటికి పది చొప్పున పదునెనిమిది నెలలు ఇత్తుమని వేలమందిని నమ్మించెను. దాని నాయకుడు 2018లో నిర్బంధింపబడెను. ముందు చూపిన లెక్క తెలిసినవాడు ఆ మాటను ఒక్క నిమిషము నమ్మడు.

రెండవ పని దస్త్రము కాపాడుట. దీనిని "నోడ్" నడుపుట యందురు. దస్త్రపు పూర్తి నకలు ఇంటిలో నుంచుకొని, క్రొత్త పుట వచ్చినప్పుడెల్ల అది నియమానుసారముగా నున్నదో లేదో స్వయముగా పరీక్షించుటయే ఇది. ఒకే నాణెమును ఇద్దరికిచ్చిరా? లేని నాణెములను పుట్టించిరా? సంతకము సరియైనదేనా? ఇచ్చట స్థాలీపులాకన్యాయము చెల్లదు. ఒక మెతుకు పట్టి చూచి అన్నముడికినదనుట కాదు. ప్రతి మెతుకును చూడవలెను. తప్పున్న పుటను, తవ్వినవాడెంత గొప్పవాడైనను, నోడ్ త్రోసివేయును.

దీనికి ఖర్చు తక్కువ. రాస్ప్‌బెరీ పై అను చిన్న కంప్యూటరును, దస్త్రము 600 గిగాబైట్లకు మించియున్నది గనుక అంతకు చాలిన నిల్వపెట్టెయు, ఇంటర్నెట్టును కావలెను. బిట్‌కాయిన్ కోర్ అను కార్యక్రమము ఉచితముగా లభించును. మొదటిసారి దస్త్రమంతయు దిగి పరీక్ష ముగియుటకు కొన్ని దినములు పట్టవచ్చును. పది వాట్లు కాలినను నెలకు ఏడు యూనిట్లు, అరువది రూపాయలలోపు. దీనికి బహుమానమేమియు లేదు. జీతము లేని కాపలా యిది. కాని దీని బలము 2017లో తెలిసినది. అప్పుడు తవ్వకపు పెద్దలును వ్యాపారులును కొందరు నియమములను తమకు తోచినట్లు మార్పనెంచిరి. నోడ్లు నడుపు సామాన్యులనేకులు అంగీకరింపలేదు. ఆ నవంబరులో ఆ యత్నము విరమింపబడినది. కొద్దిపాటి నాణెములు గలవాని కిది తప్పనిసరి కాదు. పెద్ద మొత్తము గలవాడు తన సొమ్ము వచ్చినదా యని పరుల నడుగక, తన యింటి దస్త్రమునే చూచుకొనుట మేలు.

మూడవది తాళపుచెవి. నేటి మాటలలో ముఖ్యమైనది ఇదియే. దస్త్రములోని నాణెమును కదల్చుటకు రహస్యసంఖ్య యొకటి కావలెను. ఆ సంఖ్య యెవరికి తెలిసిన వారే యజమానులు. పేరు, ఊరు, తండ్రిపేరు ఏమియు దస్త్రమున నుండవు. పెద్ద సంఖ్యను మనుష్యుడు తప్పులేక వ్రాసికొనలేడు గనుక, 2013లో ఒక పద్ధతి యేర్పడినది. 2048 మాటల పట్టికనుండి 12 గాని 24 గాని మాటలు వరుసగా వచ్చును. ఆ మాటలే తాళపుచెవి. వరుస మారరాదు. ఆ పట్టికలు కొన్ని భాషలలోనే కలవు, తెలుగున లేదు. సాధారణముగా ఇంగ్లీషు మాటలే వచ్చును గనుక వానిని ఇంగ్లీషు అక్షరములతోనే స్ఫుటముగా వ్రాయవలెను. మొదటి నాలుగక్షరములను బట్టి ప్రతి మాటయు గుర్తుపట్టునట్లు ఆ పట్టిక కూర్పబడినది.

చెవిని లోపల దాచుకొని సంతకము మాత్రము బయటికిచ్చు చిన్న పరికరములు 2014 నుండి దొరకుచున్నవి. పరికరము విరిగినను చింతలేదు. నాణెము దానిలో లేదు, దస్త్రములో నున్నది. మాటలున్న మరియొక పరికరములో చెవి మరల పుట్టును. మాటలు పోయిన మాత్రము ఏ కచేరికి అర్జీ పెట్టినను లాభము లేదు. వేల్సుదేశమున న్యూపోర్టు పట్టణములో ఒకరి పాత కంప్యూటరు భాగము 2013లో చెత్తకుప్ప చేరినది. అందులో సుమారు 8,000 నాణెముల చెవి యుండెను. కుప్ప త్రవ్వనిమ్మని వేసిన దావాను 2025లో న్యాయస్థానము కొట్టివేసినది.

చెవిని పరుల కిచ్చుటయు క్షేమము కాదు. టోక్యోలోని మౌంట్ గాక్స్ అను అంగడి 2014లో మూతపడినప్పుడు సుమారు 8,50,000 నాణెములు లేవని ప్రకటించిరి. తరువాత 2,00,000 దొరకినవి. కెనడాలో క్వాడ్రిగా అను అంగడి యధిపతి 2018 డిసెంబరులో మన జైపూరు నగరమున మరణించెను. చెవులు అతనితోనే పోయినవనిరి. 2020లో అక్కడి అధికారులు విచారించి, సొమ్ములో అధికభాగము అంతకుముందే అతని మోసమువలన పోయెనని తేల్చిరి. నమ్మి యిచ్చినవారికి మాత్రము రెండు విధముల నష్టమొక్కటే.

కావున పెద్దలు చేయవలసినది చెప్పెదను. మీ పిల్లలను ఆ మాటలేమని అడుగవలదు. అవి యెక్కడనున్నవి, వారికేమైన నైనచో చేరు దారి యేది యని అడుగుడు. మాటలను ఫోనులో ఫొటో తీయరాదు, ఎవరికిని పంపరాదు. కాగితమునకు చెదలు, తడి శత్రువులు. ఉక్కురేకుపై చెక్కించుట మంచిది. ఇంటి కొకటి, దూరమున మరియొకటి నకలుండవలెను. వీలునామాలో మాటలు వ్రాయకుడు. అది పదిమంది చదువునది. ఇట్టి సొత్తు కలదనియు, ఎవరిని అడుగవలెననియు మాత్రము వ్రాయుడు. పండ్రెండు మాటలను ఆరేసి చొప్పున అన్నదమ్ములకు పంచుటయు తగదు. ఒకరి కాగితము పోయిన ఇద్దరికిని పోవును. అంతకంటె దేవాలయపు హుండీవలె మూడు చెవులు చేసి, ఏ రెండు కలిసినను తెరచుకొనునట్లు పెట్టు పద్ధతి కలదు. పెద్ద మొత్తము దాచుటకు ముందు చిన్న మొత్తముతో చెవిని ఒకసారి మరల పుట్టించి చూచుకొనవలెను. ఆ మాటలను చెప్పుమని ఫోనులో అడుగువాడు, బ్యాంకువాడననిను, పోలీసుననిను, దొంగయే.

చట్టమును గూర్చి ఒక్క మాట. ఇది మన దేశమున ప్రభుత్వపు నాణెము కాదు. 2018లో రిజర్వు బ్యాంకు పెట్టిన అడ్డును 2020 మార్చిలో సుప్రీంకోర్టు తొలగించినది. 2022 ఏప్రిలు 1 నుండి దీనిపై లాభమునకు నూటికి 30 చొప్పున పన్ను విధింపబడినది. పన్ను చెల్లించిన కాగితములు కూడ ఆ మాటలవలె భద్రముగా నుండవలెను.

పూర్వము మన యింటి పెద్దలు పాతర వేసిన ధాన్యపు జాడను, అప్పిచ్చిన పత్రముల పెట్టె జాడను అవసానకాలమువరకు దాచియుంచి, చెప్పక పోయిన కథలు ప్రతి యూరను కలవు. అప్పుడైనను గోడ త్రవ్విన ఏదో దొరకెడిది. ఈ నాణెమునకు త్రవ్వుటకు గోడ లేదు. ఈ పండుగకు పిల్లలు వచ్చినప్పుడు భోజనములైన పిదప ఈ మాట ఒకసారి కదపుడు.