చిన్న ఫ్లైటు, పెద్ద ఫ్లైటు

రాజమండ్రి దగ్గర మధురపూడి విమానాశ్రయానికి రెండు రకాల విమానాలు వచ్చిపోతుంటాయి. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వంటి దగ్గరి నగరాలకు ఏళ్లుగా ఎక్కువగా తిరిగింది ఏటీఆర్ 72. 2024 డిసెంబరులో ముంబయికి, ఢిల్లీకి నేరుగా సర్వీసులు మొదలవడంతో ఎయిర్‌బస్ ఏ320 కూడా తోడైంది. మొదటిది రెక్కలకు ఫ్యాన్లుండే చిన్న ఫ్లైటు, రెండోది జెట్. చిన్నదాంట్లో చప్పుడెక్కువ, కుదుపులెక్కువ, కాబట్టి ప్రమాదమూ ఎక్కువేనని చాలామంది నమ్మకం. మొదటి రెండు మాటలూ నిజమే. మూడోది ఆ రెండింటి నుంచి పుట్టిన భయం.

ఇన్నేళ్లూ చిన్న విమానాలే రావడానికి కారణం రన్‌వే. 1980లలో వాయుదూత్ సంస్థ ఇక్కడికి విమానాలు నడిపింది. ఆ తర్వాత జెట్ ఎయిర్‌వేస్, స్పైస్‌జెట్, ట్రూజెట్, ఇండిగో తెచ్చినవి ఏటీఆర్‌లు, లేదా వాటిలాగే ఫ్యాన్లుండే బొంబార్డియర్ క్యూ400లు. అప్పటి రన్‌వే పొడవు సుమారు 1,750 మీటర్లే. నిండా ఎక్కిన ఏటీఆర్ పైకి లేవడానికి 1,300 మీటర్లు చాలు. ఏ320కి పూర్తి బరువుతో లేవాలంటే దాదాపు 2,000 మీటర్లు కావాలి. ఎండలు ముదిరి గాలి పలచబడితే ఇంకాస్త కావాలి. రన్‌వేను 3,165 మీటర్లకు పొడిగించాకే జెట్‌లకు దారి పడింది.

ఏటీఆర్ ఎక్కేది వెనక తలుపు నుంచి. సామాన్ల గది ముందు, పైలట్ల వెనకే ఉంటుంది. వరుసకు నాలుగే సీట్లు కాబట్టి ఇద్దరి మధ్య నలిగే బాధ లేదు. కాకపోతే తల మీద అరలు చిన్నవి, చక్రాల పెట్టె ఒక్కోసారి పట్టదు. రెక్క కిటికీలకు పైన ఉండడం వల్ల కింది దృశ్యానికి అడ్డు రాదు. గోదావరి మీది వంతెనలు, కడియం నర్సరీల పచ్చదనం చూడాలంటే ఏ320లో రెక్క పక్క సీటు దండగ. ఏటీఆర్‌లో ప్రొపెల్లర్లు ముందు భాగానికి దగ్గరగా తిరుగుతాయి గనుక వాటి పక్క వరుసల్లో మోత ఎక్కువ. వెనక్కి వెళ్లేకొద్దీ తగ్గుతుంది.

రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఫ్లైటు ఎక్కినవాళ్లకు తెలిసే ఇబ్బంది ఇంకొకటుంది. ఆగి ఉన్నప్పుడు కరెంటుకూ ఏసీకీ ఏ320 తోక భాగంలో విడిగా ఒక చిన్న ఇంజిను ఉంటుంది. ఏటీఆర్‌కు అది లేదు. కుడివైపు ఇంజిను ప్రొపెల్లరుకు బ్రేకు వేసి, ఆ ఇంజిన్నే నడిపి కరెంటు తీసుకుంటారు, లేకపోతే నేల మీది యంత్రాన్ని తగిలిస్తారు. అందుకే విమానం కదిలేదాకా లోపల ఉక్కపోతగా అనిపించవచ్చు. అది యంత్రంలో లోపమేమీ కాదు, బరువు తగ్గించడానికి తయారీదారులు ఎంచుకున్న పద్ధతి.

ఇక కుదుపులు. ఏ320 సాధారణంగా 35,000 అడుగుల చుట్టుపక్కల ఎగురుతుంది, మేఘాలు చాలావరకు కిందే ఉండిపోతాయి. ఏటీఆర్ గరిష్ఠంగా ఎగరగలిగేదే 25,000 అడుగులు. హైదరాబాద్ వంటి దగ్గరి ప్రయాణాల్లో అంత ఎత్తుకూ పోదు. దాంతో వర్షాకాలం మేఘాల్లోంచే దారి. రెండో కారణం రెక్క మీద పడే బరువు. పూర్తి బరువులో ఏటీఆర్ రెక్క ఒక్కో చదరపు మీటరు సుమారు 375 కిలోలు మోస్తే, ఏ320లో కొత్త రకమైన నియో రెక్క 640 కిలోల దాకా మోస్తుంది. బరువు తక్కువ మోసే రెక్కను అదే గాలి ఎక్కువ ఊపుతుంది. గోదావరి వశిష్ఠ పాయలో అలలు లేచినప్పుడు నావ ఊగినంతగా పంటు ఊగకపోవడం లాంటిదే ఇదీ. ఊగినంత మాత్రాన రెక్క విరగదు. ప్రయాణంలో ఎదురయ్యే గాలిపోట్లకు మించిన బలాన్ని తట్టుకునేలా రెండింటినీ కట్టారు.

కాళ్లు చాపుకునే జాగా సంగతి వేరు. అది విమానం రకం కన్నా సంస్థ లెక్కల మీద ఆధారపడుతుంది. ఒకే ఏ320లో ఒక సంస్థ 180 సీట్లు బిగిస్తే ఇంకొకటి 186 బిగిస్తుంది. సీటు వెడల్పును మాత్రం విమానం ఒళ్లే చాలావరకు నిర్ణయిస్తుంది. ఏ320లో అది సుమారు 18 అంగుళాలు, బోయింగ్ 737లో 17. కూతురి పురుడు కోసం అమెరికా వెళ్లే అమ్మమ్మలకు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. బోయింగ్ 777లో వరుసకు పది సీట్లు బిగిస్తే పద్నాలుగు, పదిహేను గంటలు 17 అంగుళాల్లో సర్దుకోవాలి. ఎయిర్‌బస్ ఏ350లో తొమ్మిదే వేస్తే 18 దాకా వస్తుంది. ఏ350, బోయింగ్ 787ల లోపలి గాలి ఒత్తిడి 6,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. పాత రకాల్లో అది 8,000 అడుగుల దాకా పోవచ్చు. ఈ కొత్తవాటిలో తేమ కూడా కొంచెం ఎక్కువ కాబట్టి గొంతు తడారిపోవడం, దిగాక తలనొప్పి తగ్గుతాయి.

భద్రత దగ్గర ఈ తేడాలన్నీ పలచబడిపోతాయి. ఏటీఆర్‌లు ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో తయారవుతాయి, ఏ320లు కూడా కొన్ని అక్కడే, ఏటీఆర్ సంస్థలో సగం వాటా ఎయిర్‌బస్‌దే. రెండింటికీ అనుమతినిచ్చే నిబంధనలు ఒకటే: టేకాఫ్‌లో ఒక ఇంజిను ఆగినా రెండోదానితో పైకి లేవగలగాలి, సగం తలుపులే తెరుచుకున్నా 90 సెకన్లలో అందరూ దిగగలగాలి. ఫ్యాను ఉన్నంత మాత్రాన ఇంజిను పాతకాలపుదీ కాదు. లోపల ఉన్నది జెట్‌లో ఉండే టర్బైన్ వంటిదే. అక్కడ ఫ్యాను తొడుగులో తిరుగుతుంది, ఇక్కడ బయట తిరుగుతుంది.

ఏటీఆర్‌కు పేరుపడ్డ బలహీనత రెక్కల మీద పేరుకునే మంచు. 1994 అక్టోబరు 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర అందువల్లే ఒక ఏటీఆర్ కూలి 68 మంది మరణించారు. తర్వాత రెక్క అంచున మంచును విదిలించే రబ్బరు తొడుగులను పెద్దవి చేశారు, పైలట్లకు కొత్త నియమాలు పెట్టారు. నేల మీద ఎంత ఉడికినా మన ఆకాశంలోనూ సుమారు 5 కిలోమీటర్ల ఎత్తులో నీరు గడ్డకడుతుంది కాబట్టి ఆ నియమాలు ఇక్కడా అవసరమే. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో 72 మందిని బలిగొన్న ఏటీఆర్ ప్రమాదంలో యంత్రం బాగానే ఉంది. ఒక మీట బదులు ఇంకొకటి జరపడంతో రెండు ప్రొపెల్లర్లూ తోయడం మానేశాయి.

జెట్‌లకూ మచ్చలున్నాయి. బోయింగ్ 737 మ్యాక్స్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ తప్పిదం 2018లో, 2019లో రెండు విమానాలను కూల్చింది, 346 మంది పోయారు. 2010లో మంగళూరులో, 2020లో కోళికోడ్‌లో కొండ మీది రన్‌వేలు దాటి పడిపోయినవి బోయింగ్ 737లే, అక్కడ తప్పు దిగిన తీరులో ఉంది. 2011 నుంచి ప్రయాణికులను మోస్తున్న 787కు మొదటి ప్రాణాంతక ప్రమాదం 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో జరిగింది. ఏ రకం విమానం అన్న ప్రశ్న కన్నా పైలట్ల శిక్షణ, మరమ్మతుల క్రమం, రన్‌వే, ఆ పూట వాతావరణం ఎక్కువ తేలుస్తాయి.

ప్రయాణికుడి చేతిలో ఉన్నవి చిన్న సంగతులే. కుదుపుల్లో గాయపడేది ఎక్కువగా బెల్టు పెట్టుకోనివాళ్లే కాబట్టి, సీటు బెల్టు లైటు ఆరినా బెల్టును వదులుగానైనా ఉంచుకోవాలి. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో మంటలంటుకున్న ఏ350 నుంచి 379 మందీ బయటపడ్డారు, మంటలు పూర్తిగా కమ్మేలోపే. అలా దిగాలంటే సంచుల కోసం ఆగకూడదు, తలుపు ఎటో ముందే తెలియాలి. ఏ320లో తలుపులు ముందూ వెనకా ఉంటే, మధ్యలో రెక్కల మీదికి దారులుంటాయి. ఏటీఆర్‌లో రెక్క మీదికి దారి లేదు. మామూలు తలుపు వెనక, అత్యవసర దారులు ముందు వరుసల పక్కన. పొగలో కళ్లు కనబడకపోయినా పోగలిగేలా, కూర్చోగానే ఆ దారికి ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టుకోవాలి.