రెండు పోగులు, ఎనిమిది దారులు

మన తెలుగు మహాసభల్లో వేదిక వెనక పనిచేసినవాళ్ళకి ఇంటర్‌కామ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. చెవికి హెడ్‌సెట్, నడుముకి బెల్ట్‌ప్యాక్, "లైట్లు తగ్గించండి, పిల్లలు సిద్ధం" అంటూ ఎడతెగని గుసగుసలు. మోటారు మీద బరువైన సెట్టు కిందికి దిగుతుంటే, దాని కిందకి ఓ పిల్ల పరిగెత్తడం చూసినవాడు "ఆపండి" అన్నాడనుకోండి. ఆ మాట మోటారు దగ్గరున్న మనిషికి ఆ క్షణంలోనే వినపడాలి. సెల్‌ఫోనుతో అయ్యే పని కాదు.

పేరుకి వైర్‌లెస్సే గాని, తీగ లేనిది బెల్ట్‌ప్యాక్ నుంచి దగ్గర్లోని యాంటెనా వరకే. అక్కణ్ణుంచి ప్రధాన పెట్టె దాకా తీగ ఉండాల్సిందే. దూరం బాగా పెరిగితే రాగి తీగ చాలదు, ఫైబర్ కావాలి. అమెరికాలో ఒక కన్వెన్షన్ సెంటర్లో జరిగిన సభకి వాలంటీరుగా ఈ పని నామీద పడింది. ప్రధాన హాలు నుంచి భోజనాల హాలు, దాని పక్కనున్న రెండో వేదిక దాకా ఫైబర్ దారి దాదాపు కిలోమీటరు. అక్కడ మూడు యాంటెనాలు పెట్టాలి. ఒక్కోదానికి రాకకొకటి పోకకొకటి చొప్పున ఆరు పోగులు కావాలి. భవనం వాళ్ళు ఇస్తామన్నవి రెండే.

సాఫ్ట్‌వేర్ వాళ్ళం కనక మనకి ముందు తట్టేది, "చెరో చివరా ఓ స్విచ్ పెడితే సరి, మాటలకి గిగాబిట్‌లో ఎంత కావాలి?" అని. నిజమే, బ్యాండ్‌విడ్త్‌కి లోటు లేదు. ఇబ్బందల్లా సమయంతోనే. రీడెల్ బొలెరో, క్లియర్‌కామ్ ఫ్రీస్పీక్ 2 లాంటివి 1.9 గిగాహెర్ట్జ్ దగ్గర డెక్ట్ పద్ధతిలో నడుస్తాయి. ఇళ్ళల్లో కార్డ్‌లెస్ ఫోన్లు వాడే పద్ధతే. 10 మిల్లీసెకన్ల ఫ్రేము, అందులో 24 స్లాట్లు. మనిషి నడుస్తూ ఒక యాంటెనా పరిధి నుంచి ఇంకోదానిలోకి వెళ్ళినా మాట తెగకూడదంటే, యాంటెనాలన్నీ ఒకే తాళానికి అడుగెయ్యాలి. ఐపీ మీద నడిచేవాటికి ఆ తాళం పీటీపీ సందేశాలుగా వస్తుంది. పీటీపీ ఎరగని మామూలు స్విచ్‌లో ఆ సందేశం ఒకసారి ఎక్కువసేపు, ఒకసారి తక్కువసేపు ఆగుతుంది. తాళం తప్పేది అక్కడే. పీటీపీ తెలిసిన స్విచ్‌లూ ఉన్నాయి గాని, వాటిని కొని, సరిగ్గా అమర్చి, సభ రోజున ఎవరూ కెలక్కుండా చూడాలి. ఇక కొన్ని వ్యవస్థల్లో యాంటెనా ఈథర్నెట్టే మాట్లాడదు. దానికి స్విచ్ ఉన్నా లేనట్టే.

అందుకే ఇలాంటి చోట నా ఓటు పాసివ్ మల్టిప్లెక్సర్‌కే. పెళ్ళిపందిట్లో సన్నాయి, డోలు, పంతులుగారి మంత్రం ఒకే గాలిలో వస్తాయి, అయినా చెవి వాటిని విడదీసుకుంటుంది (గట్టిమేళం అప్పుడు తప్ప!). గాజు పోగులో కాంతి రంగులూ అంతే. సీడబ్ల్యూడీఎం అనే పద్ధతికి ఐటీయూ వాళ్ళు జి.694.2 ప్రమాణంలో 1271 నుంచి 1611 నానోమీటర్ల దాకా, 20 నానోమీటర్ల ఎడంతో 18 రంగులు నిర్ణయించారు. కంటికి కనపడేవి కావు, పేరుకే రంగులు. అంత ఎడం ఎందుకంటే, చల్లబరిచే ఏర్పాటు లేని చవక లేజరు వేడెక్కినకొద్దీ డిగ్రీకి సుమారు 0.1 నానోమీటరు జరుగుతుంది. మల్టిప్లెక్సర్‌లో ఉండేవి ఆ రంగుల్ని కలిపే, విడదీసే ఫిల్టర్లే. దానికి కరెంటు వైరు లేదు, ఐపీ అడ్రసు లేదు, లాగిన్ అవుదామంటే ఏమీ లేదు. కాంతి కిలోమీటరుకి 5 మైక్రోసెకన్ల చొప్పున పోతుంది, ఎప్పుడూ అంతే. తాళానికి కావలసిందీ అదే.

రంగుని నిర్ణయించేది ట్రాన్స్‌సీవర్, అంటే ఎస్‌ఎఫ్‌పి. కనక కొనేముందు చూడాల్సింది, మీ ఇంటర్‌కామ్ పెట్టెలో ఎస్‌ఎఫ్‌పి మార్చుకునే వీలుందా అని. లోపలే బిగించిన 850 నానోమీటర్ల మల్టీమోడ్ రకమైతే ఈ దారి మూసుకున్నట్టే. బిగించింది 1310 సింగిల్‌మోడ్ రకమైతే, 1310 పోర్టున్న మల్టిప్లెక్సర్‌లో ఒక్కదానికే చోటు. ఇంకో సంగతి, రిసీవర్‌కి మామూలుగా రంగు పట్టింపు లేదు, ఏది వచ్చినా తీసుకుంటుంది. పంపే రంగు సరిపోతే చాలు.

లెక్క మాత్రం మనమే వేసుకోవాలి. ఉదాహరణకి, పంపే శక్తి కనీసం మైనస్ 5 డీబీఎం, రిసీవర్‌కి కావలసింది మైనస్ 23 అని డేటాషీటులో ఉందనుకోండి. చేతిలో 18 డీబీ ఉన్నట్టు. మల్టిప్లెక్సర్లు రెండు చివర్లా కలిపి 4, నాలుగు కనెక్టర్లకి 2, కిలోమీటరు ఫైబర్‌కి 0.4 డీబీ దాకా వేసుకోండి. ఖర్చు 6.4, ఇంకా 11 పైచిలుకు మిగులు. బలంగా ఉంటే మంచిదని 80 కిలోమీటర్ల రకం తెచ్చారో, ఇంత దగ్గర్లో రిసీవర్ కళ్ళు బైర్లు కమ్ముతాయి. అప్పుడు అటెన్యుయేటర్ తగిలించాలి.

దీని లోపమూ చెప్పాలి. పాడైతే ఇది నోరెత్తదు. అలారం లేదు, లాగు లేదు. ఎస్‌ఎఫ్‌పిలో డయాగ్నోస్టిక్స్ ఉండి, పెట్టె దాన్ని చూపిస్తే, వచ్చే కాంతి బలాన్ని ముందురోజే రాసిపెట్టుకోవాలి. మర్నాడు 3 డీబీ పడిపోయిందంటే ముందు కనెక్టరు తుడవండి, సాధారణంగా మురికే. పైగా ఒక్క పోగు పోతే దానిమీదున్న యాంటెనాలన్నీ పోతాయి. అందుకని మేము పోక ఒక పోగులో, రాక ఇంకో పోగులో పెట్టే మామూలు ఎనిమిది రంగుల జోడీ తీసుకోలేదు. ఒకే పోగులో రెండు వైపులా పంపే రకం తీసుకున్నాం. దానికి యాంటెనాకి రెండు రంగులు ఖర్చు, 1471లో పంపితే 1491లో జవాబు. ఎనిమిది రంగులకి నాలుగు యాంటెనాలే పడతాయి, మాకు కావలసింది మూడు. భోజనాల హాలు రెండు యాంటెనాలనీ చెరో పోగుమీదా పెట్టాం. ఒక కనెక్టరు ఊడినా ఆ హాల్లో మాట ఆగదు. రెండు పోగులూ ఒకే కేబుల్లో ఉన్నాయి కాబట్టి కేబులే తెగితే చేసేదేమీ లేదు. అందుకే రెండో వేదిక దగ్గర రెండు వాకీటాకీలు ఉంచాం.