ఇంజను వేడెక్కితే థర్మోస్టాట్ తీసివేయవచ్చునా?

ఎండాకాలము వచ్చిందంటే పటాన్‌చెరు నుండి జహీరాబాదు వరకు హైవే ప్రక్కన బోనెట్ ఎత్తిపెట్టిన బండ్లు కనబడుతూనే ఉంటాయి. ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, పోతిరెడ్డిపల్లి చౌరస్తా, సదాశివపేట, ఎక్కడ చూచినా ఒక డ్రైవరు చేతిలో నీళ్ళ సీసాతో రేడియేటరు చల్లారే వరకు కాచుకొని ఉంటాడు. లోపల పిల్లలు, పెద్దలు చెమటలు కారుస్తూ కూర్చుంటారు. ఈ మార్గములో ఫ్యాక్టరీ షిఫ్టులకు మనుషులను చేరవేసే బండ్లు, కిరాయి జీపులు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న కుటుంబపు కార్లు ఎన్నో నడుస్తున్నాయి. చాలా ఇండ్లలో ఆ ఒక్క బండి మీదనే పొయ్యి వెలుగుతుంది. ఇంజను ఒక్కసారి మితిమీరి వేడెక్కి హెడ్డు వంగినా, గ్యాస్కెట్ పోయినా, షెడ్డు వారికి ఇచ్చే డబ్బు కొన్ని నెలల సంపాదనను మింగివేస్తుంది. కనుక ఈ సంగతి మన పాఠకులకు వివరముగా తెలుపవలెనని తలంచాము.

మన ప్రాంతములో బండి వేడెక్కగానే చాలామంది మెకానిక్కులు ఇచ్చే సలహా ఒకటే: “థర్మోస్టాట్ తీసి పారవేయండి, మన ఎండలకు అది ఎందుకు?” ఈ మాట అంబాసిడర్ కార్ల కాలము నుండి వినిపిస్తున్నది. వినుటకు న్యాయముగానే ఉన్నది గాని, పని జరిగే తీరు చూస్తే అది సరి కాదని తెలుస్తుంది.

థర్మోస్టాట్ అనగా ఇంజనుకు, రేడియేటరుకు మధ్య నీటి దారిలో ఉండే చిన్న తలుపు. దాని లోపల మైనము వంటి పదార్థముంటుంది. వేడికి ఆ మైనము కరిగి ఉబ్బి తలుపును నెడుతుంది, చల్లబడగానే స్ప్రింగు దానిని మూస్తుంది. 1930లలో అమెరికాలో సెర్జియస్ వెర్నెట్ అనే ఆయన రూపొందించిన ఈ పద్ధతే నేటికీ ఎక్కువ బండ్లలో ఉన్నది. సాధారణముగా 82 లేక 88 డిగ్రీల వద్ద తలుపు తెరుచుకొనుట మొదలై, ఇంకొక పది పన్నెండు డిగ్రీలు పెరిగేసరికి పూర్తిగా తెరుచుకొంటుంది. అంతవరకు నీరు రేడియేటరుకు పోకుండా బైపాస్ అనే అడ్డదారిన ఇంజనులోనే తిరుగుతుంది.

చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకొన్నప్పుడు దాని అడుగునున్న బిళ్ళ ఆ అడ్డదారిని మూసివేస్తుంది. థర్మోస్టాట్ తీసివేస్తే ఆ దారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది, కాగిన నీటిలో కొంత భాగము రేడియేటరు ముఖము చూడకుండానే తిరిగి ఇంజనులోకి పోతుంది. చల్లబడాలని తీసినది ఎండలో ఇంకా వేడెక్కుటకు కారణమౌతుంది! చలికాలపు ఉదయాన మరొక నష్టము. ఇంజను తగిన వేడికి రాక పెట్రోలు ఎక్కువ త్రాగుతుంది, ఆయిలులో చేరిన తడి ఆరక మడ్డి కడుతుంది, పిస్టను రింగులు త్వరగా అరుగుతాయి.

ఇక 82 తీసి 71 డిగ్రీలది వేస్తే మేలు కదా అని కొందరు అడుగుతారు. థర్మోస్టాట్ ఇంజను వేడి ఇంతకంటె తగ్గకుండా కాపాడుతుంది గాని, ఇంతకంటె పెరగకుండా ఆపలేదు. మే నెలలో నీటి వేడి 100 డిగ్రీలు చేరినప్పుడు 71ది, 82ది రెండూ పూర్తిగా తెరుచుకొనే ఉంటాయి. అప్పుడు భారమంతా రేడియేటరుదే, ఫ్యానుదే. అందుచేత పాత థర్మోస్టాట్ మీద ముద్రించిన అంకెను చూచి అదే అంకె గలది కొనుట మంచిది. పాతదానిని వెంట తీసుకొని పోగలరు. దాని పళ్ళెములో పిన్నుతో కూడిన సన్నని రంధ్రముంటే, బిగించేటప్పుడు ఆ రంధ్రము పైవైపునకు రావలెను. లోపల చిక్కిన గాలి దాని ద్వారానే బయటకు పోతుంది.

కొత్తదైనా, పాతదైనా ఇంటిలోనే పరీక్షించవచ్చును. ఒక పాత గిన్నెలో నీళ్ళు పోసి, థర్మోస్టాట్‌ను అడుగుకు తగలకుండా దారముతో వ్రేలాడదీసి, పొయ్యి మీద పెట్టండి. నీరు మరిగే లోపల తలుపు తెరుచుకోవాలి, దించి చల్లార్చితే మూసుకోవాలి. జ్వరము చూచే థర్మామీటరును మాత్రము అందులో ముంచవద్దు, పగిలిపోతుంది.

ఫ్యాను సంగతి. పాత జీపులలో, అంబాసిడర్‌లో ఫ్యాను బెల్టుతో ఇంజనుతో పాటే తిరుగుతుంది. 1983లో వచ్చిన మారుతి 800 వంటి కార్లలో కరెంటు ఫ్యాను. దీనిని ఆన్ చేసే స్విచ్చు నీటి వేడిని బట్టి పని చేస్తుంది. ఈ స్విచ్చు అంకె థర్మోస్టాట్ తెరుచుకొనే అంకె కంటె ఎక్కువగా ఉండవలెను. థర్మోస్టాట్ 88 దగ్గర తెరుచుకొంటుంటే 85కు ఆన్ అయ్యే స్విచ్చు వేసినారనుకోండి, ఇంజను వేడెక్కినది మొదలు ఫ్యాను ఆగనే ఆగదు, మోటారు కాలిపోతుంది. కొత్త కార్లలో ఈ పనిని కంప్యూటరే చూచుకొంటుంది కాబట్టి వాటి జోలికి పోకుండుటయే క్షేమము.

కొందరు డ్రైవరు సోదరులు ఫ్యానుకు డ్యాష్‌బోర్డు మీద ప్రత్యేకముగా స్విచ్చు పెట్టించుకొంటారు. అసలు స్విచ్చును ఉంచి, దీనిని రిలే, ఫ్యూజులతో అదనముగా పెట్టుకొంటే అభ్యంతరము లేదు. అసలుదానిని పీకివేసి దీనిమీదనే ఆధారపడుట మా దృష్టిలో చాలా ప్రమాదము. పటాన్‌చెరు ట్రాఫిక్‌లో లారీల మధ్య చిక్కుకొన్న మనిషికి స్విచ్చు గుర్తుంటుందా?

లోపము ఎక్కడున్నదో బండియే చెబుతుంది. ట్రాఫిక్‌లో వేడెక్కి హైవే ఎక్కగానే చల్లబడితే ఫ్యానును అనుమానించాలి, ఎందుకంటే వేగములో ఎదురుగాలి చాలును. హైవే మీదనే ముల్లు పైకి పోతుంటే రేడియేటరు పూడిపోయినదేమో, నీరు తగ్గినదేమో చూడాలి. బండి తీసిన కొద్ది నిమిషములకే ముల్లు ఎగబ్రాకి, పై హోసు కాగి, క్రింది హోసు చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకొని పట్టివేసినదని అనుకోవచ్చును. మోటారు మార్చిన తరువాత వైర్లు తారుమారై ఫ్యాను వెనుకకు తిరుగుట కూడ కద్దు. ఫ్యాను రేడియేటరు వెనుక ఉన్న బండ్లలో, అది తిరుగుతుండగా రేడియేటరు ముందువైపున కాగితము పెడితే అంటుకోవాలి. ఎగిరిపోతే వైర్లు మార్చించండి.

రేడియేటరు పూడుటకు మన బోరు నీళ్ళే పెద్ద కారణము. సున్నపు అంశమున్న నీరు కాగి గొట్టాలలో గార కడుతుంది. పటాన్‌చెరు ప్రాంతములో ఫ్యాక్టరీల వ్యర్థాలు వాగులను, భూగర్భ జలాన్ని చెరచిన విషయము 1990లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళినది మనకు తెలిసిందే. ఆ నీరు మనుషులకే కాదు, ఇంజనుకూ పనికిరాదు. డిస్టిల్డ్ వాటరులో కూలెంటు కలిపి, బండి పుస్తకములో చెప్పిన పాళ్ళలో వాడండి.

తల్లులకు ఒక మనవి. దారిలో బండి ఆగితే పిల్లలను బోనెట్ దగ్గరకు పోనీయవద్దు. మూత బిగించిన రేడియేటరులో ఒత్తిడి వలన నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత విప్పగానే ఒక్కసారిగా ఆవిరై ముఖము మీదికి చిమ్ముతుంది. కనీసము అరగంట ఆగి, మందపాటి గుడ్డ వేసి, మెల్లగా త్రిప్పాలి. కాగిన ఇంజను మీద చల్లని నీళ్ళు కుమ్మరిస్తే హెడ్డు పగులవచ్చును. కరెంటు ఫ్యాను తాళము తీసిన తరువాత కూడ హఠాత్తుగా తిరుగుతుంది గనుక చీర కొంగు, చేతులు దూరముగా ఉంచవలెను. కూలెంటు తియ్యగా ఉంటుంది, కాని విషము. మిగిలినదానిని కూల్ డ్రింకు సీసాలో పోసి వంటింటి మూలన పెట్టకుండా, దాని డబ్బాలోనే గట్టిగా మూతపెట్టి పిల్లలకు, కుక్కలకు అందని అటక మీద ఉంచండి.